మా ఇంట్లో జీడిపిక్క రేటు మాట్లాడకూడదు

పండగపూట జీడిపిక్క రేటు ఎత్తకూడదని మా అమ్మ ఒక రూలు పెట్టింది. పెట్టి ఐదారేళ్ళయింది, ఇప్పటిదాకా ఒక్క పండక్కీ నిలబడలేదు. మొన్న కనుమనాడూ అంతే. కోడికూర ఇంకా పొయ్యి దిగలేదు, నాన్నా బావా అరుగు మీద మొదలెట్టేశారు. వీధిలో పోయేవాళ్ళు ఆస్తి తగాదా అనుకుని ఆగి చూశారు. కాదు బాబూ, దిగుమతి సుంకం తగాదా.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం. పలాస నుంచి సముద్రం వైపు పోతే వచ్చే ఊళ్ళలో ఒకటి. నాన్నకి రెండున్నర ఎకరాల జీడితోట, గట్ల మీద కొబ్బరి, నాలుగు పనసచెట్లు. బావ అంటే మా మేనత్త కొడుకు, పలాస పక్కనే కాశీబుగ్గలో చిన్న జీడి ఫ్యాక్టరీ నడుపుతాడు. పిన్ని, అంటే అమ్మ చెల్లెలు, ఇరవై ఏళ్ళ పైచిలుకు పిక్కలు కొట్టింది. నేను శ్రీకాకుళంలో ఒక ఆడిటర్ దగ్గర లెక్కలు రాస్తాను. అంటే పిక్క పండించేవాడూ, కొనేవాడూ, కొట్టేదీ, దాని మీద పన్ను రాసేవాడూ అందరం ఒకే పంక్తిలో భోంచేస్తాం. అందుకే టీవీలో ఎవరైనా ఫలానా నిర్ణయం 'దేశానికి మంచిది' అనగానే నాకు ముందు మా పంక్తి గుర్తొస్తుంది. దేశం సంగతి తర్వాత, మా పంక్తిలో ఎవరికి మంచిది?

నాన్న లెక్క చాలా సులువు. పిక్కలు మా దగ్గర 80 కిలోల బస్తా లెక్కన అమ్ముతారు. బస్తా కొడితే 22 కిలోల దాకా పప్పు వస్తుంది. కిలో 700 వేసుకున్నా 15 వేలు దాటుతుంది. మరి నాకు 8 వేల చిల్లర ఇచ్చి మిగతాది ఎవడు తింటున్నాడురా అల్లుడూ అంటాడు. ఇది 2023 నాటి లెక్క, అయినా ఆయన నోట్లో ఇంకా తాజాగానే ఉంది. ఆ ఏడు ఉద్దానం రైతులు బస్తాకి 16 వేలు ఇవ్వాలని పలాసలో ఆందోళనకి దిగారు, నాన్న కూడా కండువా వేసుకుని వెళ్ళాడు. వెళ్ళి, తిరిగొచ్చేటప్పుడు ఎండ ఎక్కువగా ఉందని బావ ఫ్యాక్టరీలోనే మజ్జిగ తాగి వచ్చాడు.

బావ జవాబు పొడుగ్గా ఉంటుంది. 22 కిలోలూ విరగని గుండేనా మావయ్యా, బద్ద లేదా, ముక్క లేదా, నూకలు లేవా? నువ్వు చెప్పే 700 మంచి గుండు రేటు, ముక్కకి ఎవడిస్తాడు? ఉడకబెట్టడానికి బాయిలరు, ఆరబెట్టడానికి కరెంటు, పొట్టు తీయడానికి కూలి, సీజన్‌లో మూడు నెలల్లో కొని ఏడాదంతా ఆడించాలి కాబట్టి బ్యాంకు వడ్డీ. అందులో అబద్ధం లేదు, ఆ పుస్తకాలు నేనే చూస్తాను. అయితే నాన్న అడిగినదానికి అది పూర్తి జవాబూ కాదు, ఎందుకంటే ఖర్చు పెరిగినప్పుడల్లా బావ పిక్క రేటు తగ్గించి సర్దుకోగలడు, నాన్నకి తగ్గించడానికి కింద ఎవరూ లేరు.

పిక్క రేటు పలాసలో తేలదు. ఈ సంగతి నాకు కూడా ఈ ఉద్యోగంలోకి వచ్చాకే అర్థమైంది. ప్రపంచంలో ముడిపిక్కలు అందరికంటే ఎక్కువ పండించేది ఐవరీ కోస్టు. పప్పు ఎక్కువగా ఎగుమతి చేసేది వియత్నాం. అక్కడి వ్యాపారులు కూడా ఏ బస్తాకి లెక్క చూస్తారో తెలుసా, 80 కిలోల బస్తాకే! ఒక బస్తా కొడితే ఎన్ని పౌన్ల పప్పు దిగుతుంది అన్నదాన్ని బట్టి రేటు పెడతారు. 48 పౌన్లంటే మంచి సరుకు. 48 పౌన్లంటే నాన్న చెప్పే 22 కిలోలే. ఎప్పుడూ పలాస దాటి వ్యాపారం చెయ్యని మా నాన్నా, ఐవరీ కోస్టులోని అబిజాన్‌లో కూర్చున్న ఎగుమతిదారూ ఒకే బస్తా పట్టుకుని బేరమాడుతున్నారన్నమాట. కాకపోతే ఆ రేటు బావ ఫోన్‌లోకి వాట్సాప్‌లో పొద్దున్నే వస్తుంది, నాన్నకి సాయంత్రం కిళ్ళీకొట్టు దగ్గర తెలుస్తుంది.

ఇక సుంకం. 2016 బడ్జెట్‌లో కేంద్రం దిగుమతి చేసుకునే ముడిపిక్కల మీద 5 శాతం సుంకం వేసింది. ఫ్యాక్టరీలవాళ్ళు గోల పెట్టారు, 2018 బడ్జెట్‌లో దాన్ని రెండున్నర శాతానికి దించారు. వెయ్యి రూపాయల పిక్క మీద తేడా పాతిక రూపాయలు. ఆ పాతిక రూపాయల మీద మా ఇంట్లో రెండేళ్ళు మాటల్లేవు అంటే నమ్ముతారా? నాన్న దృష్టిలో అది తగ్గించిన ప్రభుత్వం ఆఫ్రికా రైతుకి మేలు చేసి ఉద్దానం రైతుని ముంచింది. బావ మాత్రం ఇప్పుడు కాస్త ఊపిరాడుతోందన్నాడు. తమాషా ఏమిటంటే 2019లో విదేశీ పప్పు మీద సుంకాన్ని 45 నుంచి 70 శాతానికి పెంచినప్పుడు ఇదే బావ స్వీట్లు పంచాడు. పిక్క మీద సుంకం వద్దు, పప్పు మీద మాత్రం బాగా వెయ్యాలి. నాన్న ఎంత స్వార్థపరుడో బావ కూడా అంతే, ఇద్దరూ 'మన పరిశ్రమని కాపాడాలి' అన్న ఒకే మాట వాడతారు. 'మన' అన్న మాట దగ్గరే పేచీ.

బావకి ఒక బలమైన పాయింటు ఉంది, అది ఎత్తగానే నాన్న మౌనం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా తీరంలోనే, పలాసకి దగ్గర్లో దాటింది. ఆ ఉదయం నాన్నతోపాటు తోటకి వెళ్ళాను. జీడిచెట్టు అడ్డంగా పెరిగే చెట్టు, కొమ్మలు నేలని రాస్తుంటాయి, అలాంటిది వేళ్ళతో సహా లేచి పడి ఉంది, ఒకటి కాదు రెండు కాదు. కొబ్బరిచెట్ల మొవ్వులు విరిగిపోయాయి. నాన్న ఏడవలేదు, పడిపోయిన చెట్లు లెక్కపెట్టుకుంటూ నడిచాడు, సగంలో లెక్క తప్పి మళ్ళీ మొదటి చెట్టు దగ్గరికొచ్చాడు. కొత్త మొక్క మూడు నాలుగేళ్ళకి కాపు మొదలెట్టినా బస్తాలు కళ్ళచూడాలంటే ఎనిమిదేళ్ళు పడుతుంది. "తిత్లీ ఎల్లిపోయాక ఉద్దానంలో పిక్కేటుంది మావయ్యా, నేను ఫ్యాక్టరీకి తాళం ఏసుకోవాలా?" అంటాడు బావ. నిజమే. విశాఖ రేవులో దిగిన ఆఫ్రికా పిక్కలే ఆ ఏళ్ళలో పలాసని నడిపించాయి. అయితే ఒకసారి కంటైనరు అలవాటయ్యాక, మా తోటలు మళ్ళీ కాపుకొచ్చినా ఆ అలవాటు పోలేదు. పంట పోయినప్పుడు దిగుమతి ఆదుకుంది, పంట వచ్చాక అదే దిగుమతి రేటుని పట్టి కిందికి లాగుతోంది. ఈ రెండూ ఒకే సుంకం కింద ఎలా సరిపెడతారో నాకైతే తోచదు. సీజన్‌ని బట్టి, మార్చి నుంచి మే దాకా ఎక్కువ, మిగతా నెలల్లో తక్కువ పెట్టొచ్చు కదా అని నేనొకసారి అంటే ఇద్దరూ నన్ను కలిసి తిట్టారు. ఆ ఒక్క విషయంలో ఏకాభిప్రాయం.

ఆఫ్రికా పిక్కని తిట్టడం మా వైపు మామూలే. నాకు మాత్రం మొజాంబిక్ సంగతి చదివినప్పటి నుంచీ నోరు రాదు. ఒకప్పుడు జీడిలో ముందువరసలో ఉన్న దేశం అది, సొంత ఫ్యాక్టరీలుండేవి. బయటికి పోయే ముడిపిక్క మీద వాళ్ళు గట్టి పన్ను వేసేవారు, ఫ్యాక్టరీలకి పిక్క దొరకాలని. 1990ల మధ్యలో వరల్డ్ బ్యాంకు, అప్పు కావాలంటే ఆ పన్ను తగ్గించండి, అప్పుడు రైతుకి మంచి రేటు వస్తుంది అంది. తగ్గించారు. పిక్కలు ఓడలెక్కి బయటికి పోయాయి. ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, వేలమంది పని పోయింది. రైతుకి ఏడాదికి అదనంగా మిగిలింది కొద్ది డాలర్లేనని తర్వాత ఆర్థికవేత్తలు లెక్క తేల్చారు. మరి ఆ పిక్కలు ఎక్కువగా ఎక్కడికి వచ్చాయి? మన దేశానికే. అక్కడ ఒక పిన్ని పని పోతే ఇక్కడ ఇంకో పిన్నికి పని దొరికింది. ఇప్పుడు ఐవరీ కోస్టు తన పిక్కని తన గడ్డ మీదే కొట్టుకుంటానంటోంది, ఫ్యాక్టరీలు కట్టుకుంటోంది. బావ దాన్ని 'మన పొట్ట కొట్టడం' అంటాడు. నాన్న 'మంచిపనే' అంటాడు. వాళ్ళు చేస్తున్నది తప్పని నేను ఎలా అనగలను?

2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతం చేసినప్పుడు పలాస టీకొట్లలో కూడా ట్రంప్ పేరు మోగిపోయింది. రొయ్యల చెరువులవాళ్ళకి నిజంగా దెబ్బ. మా జీడికి అంత లేదు, పలాస పప్పు సముద్రం దాటేది తక్కువ, దసరా దీపావళి స్వీట్లే మా అమెరికా. అయినా బావకి వారం రోజులు టెన్షనే. వియత్నాం మీద 20, మన మీద 50 కదా, అక్కడ అమ్మలేనివాళ్ళంతా ఇక్కడి మార్కెట్టు మీద పడితే? అతని భయం పూర్తిగా నిజం కాలేదు గానీ పిచ్చిదీ కాదు. వాషింగ్టన్‌లో సంతకం పెడితే కాశీబుగ్గలో ఒకాయనకి నిద్రపట్టలేదు.

ఇంతసేపూ పిన్ని గురించి రాయలేదు చూశారా? అరుగు మీద కూడా అంతే. ఈ తగాదాలో ఆమె వంతు ఎప్పుడూ రాదు. రైతు సంఘం ఉంది, ఫ్యాక్టరీలవాళ్ళకి సంఘం ఉంది. సుంకం పెంచమని ఒకరు, దించమని ఒకరు వినతిపత్రాలిస్తారు. పిక్క కొట్టేవాళ్ళ పేరు రెండు కాగితాల్లోనూ కనిపిస్తుంది. 'వేలాదిమంది మహిళా కార్మికుల ఉపాధి' అని చివరి పేరాలో, బరువు కోసం.

పిక్క కొట్టడం ఎలా ఉంటుందో చూడనివాళ్ళకి చెప్తాను. పిక్క తొక్కలో నూనె ఉంటుంది, పడవల అడుగున పూస్తే చెక్క పాడవదు, అంత ఘాటు. చేతికి తగిలితే కాలుతుంది. బూడిదో ఆముదమో పూసుకుని కొడతారు, అయినా వేళ్ళు నల్లబడి చర్మం పొరలు పొరలుగా లేచిపోతుంది. చిన్నప్పుడు పిన్ని నాకు అన్నం కలిపి పెట్టేది కాదు, చెంచాతో పెట్టేది, నేను దాన్ని పట్నం అలవాటనుకునేవాణ్ణి. కూలి కిలోకింత. పప్పు విరగకుండా తీస్తేనే విలువ. డబ్ల్యూ 240 అంటే పౌనుకి 240 లోపు తూగే గుండు, 320 అంటే ఇంకాస్త చిన్నది. ఈ అంకెలు చదవడం పిన్నికి రాదు, చేత్తో పట్టుకుని చెప్పేసేది.

ఆ చేతులతోనే ఇంకో చిక్కొచ్చింది. రేషన్‌కీ పింఛన్‌కీ వేలిముద్ర పెట్టాలి, ఆమె వేళ్ళ మీద ముద్రే లేదు. జీడి తినేసింది. మిషను ఎర్రలైటు వేసేది, వెనక క్యూలో ఉన్నవాళ్ళు విసుక్కునేవారు, కూర్చున్నతను 'చేతులు సబ్బుతో కడుక్కుని రామ్మా' అనేవాడు. ఒకటో తారీఖుకి ముందు రెండు మూడు రోజులు ఆమె పని మానేసేది, చర్మం తేరుకుంటే ముద్ర పడుతుందేమోనని. పింఛను కోసం కూలి వదులుకోవడం అన్నమాట. ఇప్పుడు కంటితో తీసుకుంటున్నారు, ఆ బాధ తప్పింది. 2024 జూలై నుంచి పింఛను 4 వేలయింది, ఇంటికే తెచ్చిస్తున్నారు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఆ మిషను తయారుచేసినవాళ్ళ ఊహలో వేలిముద్ర అరిగిపోయేంత పని చేసే మనిషి లేకపోవడం నాకు ఎప్పుడూ వింతే.

ఇప్పుడు బావ ఫ్యాక్టరీలో కోత మిషన్లు వచ్చాయి, పొట్టు మిషను వచ్చింది. పెద్ద ఫ్యాక్టరీల్లో కలర్ సార్టర్ కూడా ఉంది, చూసి తీరాలి దాన్ని. పప్పులు జలపాతంలా జారుతుంటే కెమెరా ఒక్కో గింజనీ గాల్లోనే చూసి, మచ్చ ఉన్నదాన్ని గాలి ఊది పక్కకి నెట్టేస్తుంది. బల్ల చుట్టూ కూర్చుని ఆడవాళ్ళు ఏరేపని అది. బావని తప్పుపట్టలేను, వియత్నాం వాళ్ళు మిషన్లతో కొడుతుంటే ఇక్కడ చేత్తో కొట్టి నిలబడటం కష్టం. పిన్నిని అడిగాను, మిషన్ల మీద కోపం రాదా అని. కాసేపు ఆలోచించి, "చేతులు బాగుపడ్డాయి బావూ, చేతిలో డబ్బులే ఆడట్లేదు" అంది. ఇప్పుడు ఆమె వారానికి మూడు రోజులు ముక్క ఏరడానికి వెళ్తుంది. మిషను చేసే తప్పుల్ని సరిదిద్దే పని. మిషనుకి అనుభవం వచ్చేకొద్దీ ఆ మూడు రోజులూ రెండవుతాయని ఆమెకి తెలుసు.

ఎన్నికలొస్తే జీడి బోర్డు హామీ వస్తుంది, గిట్టుబాటు ధర హామీ వస్తుంది. అన్ని జెండాలవాళ్ళూ ఇచ్చారు కాబట్టి ఎవరినీ విడిగా తిట్టడం అన్యాయం. కేంద్రం మద్దతు ధర ప్రకటించే 22 పంటల్లో ఎండుకొబ్బరి ఉంది, జీడి లేదు. అంటే నాన్న పొలంలో గట్టు మీది చెట్టు కాయని ఎండబెడితే దానికి మద్దతు ధర ఉంది, పొలం నడిమధ్య ఉన్న చెట్టుకి లేదు. రైతు సభలో గిట్టుబాటు ధర గురించి ఊగిపోయిన నాయకుడే ఫ్యాక్టరీ ఓనర్ల భోజనంలో చౌక పిక్క గురించి హామీ ఇవ్వడం బావ తన చెవులతో విన్నాడు. పొద్దున అదే నాయకుడి సభలో నాన్న చప్పట్లు కొట్టాడు.

నా వంతుకొస్తే, ఏటా ఏప్రిల్లో ఒక బిల్లు రాస్తాను. రైతు దగ్గర ముడిపిక్క కొంటే 5 శాతం జీఎస్టీ రైతు కట్టడు, కొన్నవాడే కట్టాలి, రివర్స్ ఛార్జ్ అంటారు. కొన్నవాడే తనకి తాను బిల్లు రాసుకోవాలి కూడా. పప్పు అమ్మినప్పుడు ఆ డబ్బు సర్దుకోవచ్చు గానీ, సరుకు కదిలేదాకా అది ఇరుక్కునే ఉంటుంది. కాబట్టి బావ ఆ బరువుని ముందే పిక్క రేటులో తగ్గించేస్తాడు. కాగితం మీద కట్టింది బావ. నాన్నని అడిగితే కట్టింది తనే అంటాడు. అమ్మినవాడి పేరు దగ్గర నాన్న పేరు, కొన్నవాడి పేరు దగ్గర బావ పేరు రాసి కింద నా ఇనీషియల్ వేసేటప్పుడు ప్రతిసారీ చెయ్యి కాస్త ఆగుతుంది.

కనుమనాటి తగాదా చివరికి మూలపేట రేవు దగ్గరికి చేరింది. సంతబొమ్మాళి మండలంలో 2023 ఏప్రిల్లో శంకుస్థాపన చేసిన రేవు. అది పూర్తయితే ఆఫ్రికా పిక్క నా తోట గట్టు దాకా వచ్చేస్తాదన్నమాట అని నాన్న. వస్తే విశాఖ నుంచి లారీ కిరాయి మిగులుతుందని బావ. అమ్మ గరిటతో బయటికొచ్చి, ఇంకొక్క మాట మాట్లాడితే కూర వీధి కుక్కలకి పోస్తానంది. లేచి విస్తళ్ళ ముందు కూర్చున్నాం.

సగం భోజనంలో పిన్ని నా వైపు వంగి మెల్లగా అడిగింది. "బావూ, ఆళ్ళూ ఫ్యాక్టరీలు కట్టుకుంతన్నారంటున్నావు కదా. రేపు ఆ ఓడల్లో పిక్క కాకుండా పప్పే వచ్చేస్తే మీ బావ ఏటి సేస్తాడు?"

పప్పు మీద సుంకం గట్టిగా ఉంది పిన్నీ, అంత తేలిగ్గా రాదు అన్నాను.

"అది తీయాలంటే ఎంతసేపు?"

బడ్జెట్‌లో ఒక్క లైను అన్నాను.

"అంతేనా" అని, తన విస్తట్లో ఉన్న మంచి ముక్క తీసి, ఎదురుగా కూర్చున్న బావ విస్తట్లో వేసింది.